బండి విప్పుదాం రండి!

మూలపడ్డ చేతక్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని, నాన్న నడిపిన యెజ్డీ చప్పుడు ఇంకోసారి వినాలని ఎందరికో ఆశ. ఆ ఆశ ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డు దాకా, అపార్ట్‌మెంట్ సెల్లార్ దాకా వచ్చింది. ఆదివారమైతే చాలు, చేతికి గ్రీజు, పక్కన పానాల పెట్టె! ఇంట్లోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలంటే ఏం కావాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ ఆగాలి?

విజయవాడ పటమటలో ఓ ఇంటి పోర్టికో. ఆదివారం పొద్దున ఇంకా ఎనిమిదన్నా కాలేదు. నేలమీద పాత దుప్పటి, దానిమీద స్టాండు వేసిన యమహా ఆర్‌ఎక్స్ 100. రిటైరైన తండ్రి పీట వేసుకుని కూర్చున్నాడు. వారమంతా కంప్యూటర్ ముందు గడిపే కొడుకు మోకాళ్ల మీద ఉన్నాడు. కిక్ కొడితే చాలు, యాక్సిలరేటర్ తిప్పకుండానే ఇంజిన్ రేజ్ అయిపోతోంది. మాగ్నెట్ వెనక ఆయిల్ సీల్ పోయి గాలి లాగేస్తోందని ఇద్దరూ కలిసి తేల్చారు. సీల్ చిన్నదే, కానీ దాని దగ్గరికి వెళ్లాలంటే మాగ్నెట్ ఊడిరావాలి. నట్టు వచ్చింది. మాగ్నెట్ మాత్రం బిగుసుకుని కూర్చుంది.

కొడుకు సుత్తి అందుకున్నాడు.

"ఆగరా! కొట్టావంటే క్రాంకు దెబ్బతింటుంది."

"మరేం చేద్దాం నాన్నా?"

ఇంతలో వంటింట్లోంచి కేక. "ఏవండీ, పిండి కలిపే బేసిన్ కనపడటం లేదు, మీరు గానీ తీశారా?" ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నట్లూ బోల్టులూ అందులోనే డీజిల్‌లో నానుతున్నాయి.

చివరికి తండ్రి ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాడు. అవతలి నుంచి నవ్వు. "కొట్టమాకండి సార్. పుల్లర్ లేకుండా అది రాదు. మా కుర్రాడికిచ్చి పంపిస్తా, సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యండి." అరగంటలో పుల్లర్ వచ్చింది. దాన్ని మాగ్నెట్‌కి బిగించి రెండు చుట్లు తిప్పేసరికి టక్కున ఊడింది.

ఇంటి వర్క్‌షాపు గురించి తెలుసుకోవాల్సిందంతా ఈ అరగంటలోనే ఉంది. సుత్తి తీసే తొందర, సరైన పరికరం చేసే మాయ, ఇంట్లోవాళ్ల ఓపిక, ఫోన్ చేస్తే పలికే ఓ మెకానిక్. ఈ నాలుగో దాన్నే చాలామంది మర్చిపోతారు. ఇంట్లో షెడ్డు ఉంటే మెకానిక్‌తో ఇక పనిలేదనుకుంటారు. నిజానికి షెడ్డు పెట్టాకే అతనితో అసలు పరిచయం మొదలవుతుంది.

ఎందుకీ సందడి?

పాత పేర్లు మళ్లీ షోరూముల్లోకి వచ్చాయి. 2018లో జావా, 2020లో ఎలక్ట్రిక్ బండిగా చేతక్, 2022లో యెజ్డీ. కొత్త బండి మీద పాత పేరు కనిపించేసరికి ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ల చూపు దానిమీదికి మళ్లింది. 1972లో వచ్చిన అసలు చేతక్ తయారీ 2009కల్లా ఆగిపోయింది. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే సెలవు తీసుకున్నాయి. అలా పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటిన బండ్లు ఎన్నో ఇళ్లలో గోనెపట్టాల కింద దుమ్ము తాగుతున్నాయి.

రెండో కారణం ఖర్చు. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన బండ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును బైకుకి 2,000, కారుకి 10,000 రూపాయలు చేసింది. రాష్ట్రాల గ్రీన్ ట్యాక్స్ వేరు. దాంతో తుక్కుకి ఇవ్వడమా, బాగుచేయించుకోవడమా అన్న ప్రశ్న నేరుగా ఇంటిముందుకొచ్చింది. అదే సమయంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకులన్నిటికీ చేరడంతో పాత బండి ట్యాంకు, కార్బురేటర్ ఏమవుతాయన్న చర్చ టీ కొట్ల దాకా పాకింది.

వీటికి మించిన కారణం ఇంకోటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక బైకుల్లోనూ చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సర్ పాడైతే స్కానర్ పెట్టి చూడాలి. అంతకుముందు బండ్లలో అయితే ప్లగ్ విప్పి రంగు చూస్తే ఇంజిన్ సంగతి తెలిసిపోతుంది. నల్లగా మసి పట్టిందా, పెట్రోల్ ఎక్కువ. తెల్లగా మాడిందా, తక్కువ. లేత ఇటుక రంగులో ఉందా, భేషుగ్గా ఉంది. కంటికీ చేతికీ అర్థమయ్యే చివరి తరం బండ్లవి. రోజంతా తెర మీద పనిచేసేవాళ్లకు, చేసిన పని చేతికి తగలడం ఎంత సంబరమో వేరే చెప్పాలా!

షెడ్డుల్లో పుట్టిన చక్రాలు

ఇంటి వెనక షెడ్డుకి పెద్ద చరిత్రే ఉంది. 1896 జూన్ 4, ఇంకా తెల్లారలేదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో, బ్యాగ్లీ వీధిలో అద్దె ఇంటి వెనకనున్న షెడ్డులో ఓ ఇంజినీరు తన మొదటి మోటారు బండి పూర్తిచేశాడు. బయటికి తీద్దామంటే తలుపు ఇరుకు! గొడ్డలి తీసుకుని ఇటుక గోడ పగలగొట్టి మరీ బండిని రోడ్డు మీదికి తెచ్చాడు. అతని పేరు హెన్రీ ఫోర్డ్. అందుకే షెడ్డు కట్టేవాళ్లు ముందుగా తలుపు కొలవాలి. 1903లో మిల్వాకీలో హార్లే-డేవిడ్‌సన్ మొదలైంది కూడా 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న చెక్క షెడ్డులోనే.

మనవాళ్ల కథ ఇంతకన్నా తీపి. కోయంబత్తూరు దగ్గరి తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి.నాయుడికి బడి అబ్బలేదు. ఓ తెల్లదొర రడ్జ్ మోటారు సైకిల్ మీద వెళ్లడం చూసి మనసు పారేసుకున్నాడు. అది కొనడానికి హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టాడు. కొన్నాక తొక్కి తిరగడంతో సరిపెట్టుకోలేదు. మొత్తం విప్పి, ప్రతి ముక్కా చూసి, మళ్లీ బిగించాడు. ఆ చేతులే తర్వాత బస్సుల సంస్థను నడిపాయి, మోటార్లు తయారుచేశాయి. ఆయన కుటుంబం నడిపే జీడీ కార్ల మ్యూజియం కోయంబత్తూరులో నేటికీ ఉంది.

హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్లకు కె.సుధాకర్ పేరు పరిచయమే. బడికెళ్లే వయసులోనే తుక్కు సామానుతో బండ్లు చేయడం మొదలుపెట్టారాయన. క్రికెట్ బంతి, బర్గర్, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ప్రపంచంలో అతి పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ముందు బీరువా తెరవండి

పానాల పెట్టె కన్నా ముందు తెరవాల్సింది కాగితాల బీరువా. ఆర్‌సీ ఉందా? ఎవరి పేరున ఉంది? దానిమీది ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా? తాతగారి పేరున్న బండి అయితే వారసుల పేరుకి మార్పించుకునే పని ముందు చూసుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. కాగితాల్లేని బండి మీద పెట్టిన రూపాయి రోడ్డెక్కదు. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350 లాంటి గిరాకీ ఉన్న బండ్లు కొనేటప్పుడు నంబర్లు మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే అక్కడితో ఆగిపోవడమే మంచిది.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టంగా చెప్పింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రంగు మార్చుకోవచ్చు, ఆ సంగతి ఆర్‌సీలో రాయించుకోవాలి. అదే రకం ఇంజిన్ వేయాలన్నా ఆర్టీవో అనుమతి తప్పదు. సైలెన్సర్ కోసేసి చప్పుడు పెంచడం మాత్రం షెడ్డులో ఎంత ముచ్చటగా ఉన్నా రోడ్డు మీద నేరమే. పోలీసులు అలాంటి సైలెన్సర్లను పోగేసి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు చూడనివాళ్లుండరు.

◆ యాభై దాటితే 'వింటేజ్'
- 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బైకులు, కార్లకు 2021 జులై నుంచి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది.
- కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, గడువు తీరాక మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు. గడువు పదేళ్లు.
- నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది.
- ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోల్ పోయించుకోవడం, మరమ్మతుల్లాంటి పనులకే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి వీల్లేదు.

చోటుంటే సగం పని అయినట్టే

బైకు పనికి పదడుగులకు పన్నెండడుగుల చోటు చాలు. బండి చుట్టూ మనిషి తిరగాలి, పక్కకి వంగాలి, విప్పిన సామాను ఎవరి కాలికీ తగలకుండా ఉండాలి. కారైతే పదికి ఇరవై అడుగులు తక్కువలో తక్కువ. మారుతి 800 పొడవు 11 అడుగులు, అంబాసిడర్‌ది 14 అడుగులు దాటుతుంది. తలుపులు తెరిచి, ముందు బానెట్ ఎత్తి నిలబడటానికి ఇంకొంత కావాలి.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. నున్నటి టైల్స్ మీద ఆయిల్ చుక్క పడితే మనిషి జారతాడు. జాకీ బరువు పడితే టైలు పగులుతుంది. గట్టిగా పోసిన సిమెంటు గచ్చు అన్నిటికన్నా నయం. షాబాద్ బండలైతే కింద గుల్ల లేకుండా చూసుకోవాలి. ఆయిల్ ఒలికితే కోత మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు చల్లి ఊడిస్తే సరి.

పనిబల్లకు మన దగ్గర తేలిగ్గా దొరికేది కడప బండ. చదునుగా ఉంటుంది, ఆయిల్ పడినా తుడిస్తే పోతుంది. నాలుగు ఇనుప కాళ్ల మీద నడుం ఎత్తులో పెడితే వంగే పనుండదు. సుత్తి దెబ్బకు మాత్రం చిట్లుతుంది కాబట్టి కొట్టే పని చెక్క దిమ్మ మీదే చేయాలి. బెంచ్ వైస్ బిగించాల్సింది కూడా చెక్కకే. కొత్త ఇల్లు కట్టినచోట పడేసిన పాత టేకు తలుపు దొరికితే పనిబల్లకు అంతకన్నా భాగ్యం లేదు.

వెలుతురు ఒకే బల్బుతో సరిపెడితే మన నీడే పని మీద పడుతుంది. రెండు పక్కలా ఎల్‌ఈడీ ట్యూబులు, చేత్తో తిప్పుకునే లైటు ఒకటి ఉండాలి. డ్రిల్లు, గ్రైండరు, కంప్రెసర్ వాడేట్టయితే హాల్లోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఆధారపడొద్దు. ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైను వేయించి, ఎర్తింగ్ చూపించి, షాక్ కొట్టకుండా ఆపే 30 మిల్లీఆంపియర్ల ట్రిప్ స్విచ్ పెట్టించాలి.

ఊరిని బట్టి కూడా షెడ్డు మారుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి పానాలు నెలల్లోనే తుప్పు పడతాయి. పని అయ్యాక ఆయిల్ గుడ్డతో తుడిచి మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. రామగుండం, రెంటచింతల ఎండల్లో రేకుల కింద మధ్యాహ్నం నిలబడలేం. అక్కడ పని తెల్లవారుజామునే. హైదరాబాద్ సెల్లార్లయితే వానాకాలం నీళ్లు చేరే ప్రమాదం. విప్పిన ఇంజిన్ నేలమీద వదిలి ఊరెళ్లకూడదు.

ఏ పానా ముందు?

కొత్తగా మోజు పడ్డవాళ్లు చేసే పని, నూటయాభై ముక్కల పెట్టె ఆన్‌లైన్‌లో కొనేయడం. అందులో సగం ఎప్పటికీ బయటికి రావు. మిగతావాటిలో కొన్ని మొదటి గట్టి నట్టు దగ్గరే వంగిపోతాయి. తక్కువ కొనండి, మంచివి కొనండి. డబుల్ ఎండ్ పానాలు, రింగు పానాలు ఓ సెట్టు, సాకెట్లు ఓ సెట్టు, నాలుగు రకాల స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, నోస్ ప్లేయర్, ఒక రబ్బరు సుత్తి, ఒక ఇనుప సుత్తి, వైరు బ్రష్, ఫీలర్ గేజ్, మల్టీమీటర్. మొదటి ఏడాదికి ఇవి చాలు.

రెండో విడతలో కొనాల్సింది టార్క్ రెంచ్. సిలిండర్ హెడ్ బోల్టులు అన్నీ ఒకే బిగువులో ఉండాలి. చేతి అంచనాతో బిగిస్తే ఒకటి వదులు, ఒకటి మరలు పోయేంత బిగువు. అల్యూమినియంలో మర పోయిందంటే లేత్ షాపుకి పరుగే. తుప్పుపట్టిన స్టార్ స్క్రూలకు ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే తలలు అరిగిపోవు. మాగ్నెట్ పుల్లర్, క్లచ్ హోల్డర్ లాంటివి ఏడాదికోసారి వాడేవి. వాటిని అరువు తెచ్చుకుంటే చాలు.

బండిని బట్టి పానాలు మారతాయని కూడా గుర్తుంచుకోవాలి. పాత బుల్లెట్‌లో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. మిల్లీమీటర్ల పానా పెడితే పట్టినట్టే ఉండి జారుతుంది, నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ఒకసారి గుండ్రమైన నట్టుని విప్పడమంటే ఒక పూట పని.

విప్పడం గంట... బిగించడం?

మధ్యలో ఆగిపోయిన బండ్ల కథలు వింటే కారణాలు ఒకేలా ఉంటాయి. నైపుణ్యం లేక ఆగినవి తక్కువ. ఏ బోల్టు ఎక్కడిదో తెలియక, ఓ వాషర్ కనపడక, అన్నీ ఒకేసారి విప్పేసి దిక్కుతోచక ఆగినవే ఎక్కువ.

అందుకే అనుభవజ్ఞులు చెప్పే మొదటి సూత్రం, విప్పే ముందు ఫొటో. వైరు ఏ పక్క నుంచి వెళ్తోంది, స్ప్రింగు ఏ కొక్కేనికి తగిలించి ఉంది అన్నవి అన్ని కోణాల నుంచి ఫోన్‌లో తీసిపెట్టుకోవాలి. రెండోది, ఒక్కో భాగానికి ఒక్కో డబ్బా. పండగకొచ్చిన స్వీటు డబ్బాలు, గుడ్ల అట్టలు ఇందుకు బ్రహ్మాండంగా పనికొస్తాయి. డబ్బా మీద 'క్లచ్ కవర్, ఎడమ, 7 బోల్టులు' అని రాసి పెడితే ఆరు నెలల తర్వాత కూడా తడుముకోనక్కర్లేదు. ఇంజిన్ కవరు బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడవుంటాయి. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టుని ఆ చోటే గుచ్చి ఉంచడం పాత మెకానిక్‌ల పద్ధతి.

మూడో సూత్రం కష్టమైనది. ఒకసారికి ఒకే పని. ఈ ఆదివారం బ్రేకులు, వచ్చే ఆదివారం వైరింగ్, ఆ తర్వాత కార్బురేటర్. వారం మొత్తం బండి నడవగలిగే స్థితిలోనే ఉంటుంది. ఉత్సాహం కూడా చల్లారదు. మొత్తం విప్పేస్తే మాత్రం సంక్రాంతికి మొదలైన బండి దసరాకి కూడా గోనెసంచుల్లోనే ఉంటుంది.

◆ మొదటి బండిగా ఏది మేలు?
- టీవీఎస్ 50: 1980 నుంచి మన ఊళ్లకు తెలిసిన మోపెడ్. ఇంజిన్ ఒక్కరే ఎత్తగలరు. పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.
- చేతక్: బోరు, స్ట్రోకు రెండూ 57 మిల్లీమీటర్లే, 145 సీసీ. చైను గొడవ లేదు. రేకు తుప్పు పట్టిందా లేదా అన్నది కింద వంగి చూడాలి.
- హీరో హోండా సీడీ 100: 1985లో వచ్చిన ఫోర్ స్ట్రోక్. సామాను తేలిగ్గా దొరుకుతుంది.
- యెజ్డీ: గేరు లివరే పైకి మడిస్తే కిక్ లివర్ అవుతుంది. తెలిసిన మేస్త్రీ దగ్గర్లో ఉంటేనే చేపట్టండి.
- మారుతి 800: 796 సీసీ, మూడు సిలిండర్లు. కారు పని నేర్చుకోవాలంటే దీనితోనే మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో ఇంత... ఆటోనగర్‌లో అంత

ఏది మన చేతిలో పని, ఏది కాదు అని గీత గీసుకోవడంలోనే ఉంది తెలివంతా. ఆయిల్ మార్చడం, బ్రేక్ షూలు వేయడం, కేబుళ్లు, చైను స్ప్రాకెట్, కార్బురేటర్ కడగడం, పాయింటు గ్యాప్ సరిచేయడం, వైరింగ్ చూసుకోవడం, రంగు గీకడం... ఇవన్నీ షెడ్డులో హాయిగా చేసుకోవచ్చు. సిలిండర్ బోరు చేయించడం, క్రాంకు రాడ్డు మార్పించడం, వంగిన ఫోర్కు సరిచేయించడం, ఛాసిస్ వెల్డింగ్ లాంటివి బయటి పనులు. అరిగిన సిలిండర్‌ని లేత్ షాపులో పావు మిల్లీమీటరు పెద్దది చేసి, అంతే పెద్ద పిస్టన్ వేస్తారు. మళ్లీ అరిగితే అర మిల్లీమీటరు, ముప్పావు, ఒకటి. ఆ లెక్క వేలి కొసతో తేల్చేవాళ్లు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, గాజువాక ఆటోనగర్‌లో వీధికొకరు దొరుకుతారు.

హైదరాబాద్‌లో టూల్స్ కావాలంటే రాణిగంజ్, బైకు సామానుకి పుత్లీబౌలి, వైర్లూ స్విచ్చులూ కావాలంటే ట్రూప్ బజార్. ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత పానాలు, వైస్‌లు కూడా కనిపిస్తాయి. కొత్త సామాను కొనేటప్పుడు పాత ముక్క వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒకే పేరున్న ఆయిల్ సీల్ రెండు సైజుల్లో ఉంటుంది. ఇంటికొచ్చాక తెలిస్తే ఇంకో ఆదివారం పోయినట్టే.

షాపువాళ్లు మొదట కొంచెం అనుమానంగా చూస్తారు. 'సారు విప్పి పాడుచేసి తెస్తాడు' అన్న భయం వాళ్లది. ఏం విప్పామో, ఏం మార్చామో దాచకుండా చెబితే ఆ అనుమానం పోతుంది. శుభ్రంగా కడిగి తెచ్చిన ఇంజిన్ చూస్తే ఏ మెకానిక్ మనసైనా కరుగుతుంది. మురికి ఇంజిన్ కడగడంలోనే వాళ్ల సగం పొద్దు పోతుంది మరి!

◆ ప్రాణం ముందు... బండి తర్వాత
- జాకీ బండిని ఎత్తడానికే. స్టాండ్లు పెట్టకుండా కారు కింద దూరొద్దు. ఇటుకలు పెట్టి దూరడం మరీ ప్రమాదం.
- షట్టర్ మూసి ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు.
- పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది. దీపం, సిగరెట్, గ్రైండర్ నిప్పురవ్వ దగ్గర్లో ఉండకూడదు. సెల్లార్‌లో పెట్రోల్‌తో సామాను కడగడం అసలే వద్దు.
- పెట్రోల్ మంట మీద నీళ్లు పోయకూడదు. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్‌ని తలుపు పక్కన తగిలించండి. ఇసుక బకెట్ అదనం.
- స్కూటర్ చక్రం రెండు రేకులుగా ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రేకు ఎగిరి మొహానికి తగులుతుంది.
- ఉంగరం, మెడలో గొలుసు, వాచీ తీసేయాలి. డ్రిల్లు దగ్గర గ్లవుజులు వేసుకోవద్దు, తిరిగే ముక్క చేతిని లాగేస్తుంది.
- పాత బ్రేక్ షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

పాత ట్యాంకు, కొత్త పెట్రోల్

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి దీనివల్ల వచ్చే చిక్కు తక్కువ. వారాల తరబడి షెడ్డులో నిలబడే బండికే అసలు పరీక్ష. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, అక్కడ తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు ఉబ్బి మెత్తబడతాయి. తుప్పు పొడి కార్బురేటర్ జెట్‌లో ఇరుక్కుంటుంది.

మందు ఖరీదైనదేం కాదు. ఇథనాల్‌ని తట్టుకునే పెట్రోల్ గొట్టం వేయించాలి. ట్యాంకు కింద ఫిల్టర్ పెట్టాలి. బండిని కొన్ని వారాలు నిలపాల్సి వస్తే కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయాలి. టూ స్ట్రోక్ బండ్లలో ఆయిల్ పాళ్లు కూడా ముఖ్యం. చేతక్‌కి లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, అంటే యాభైకి ఒకటి. బంకులో కుర్రాడు కొలిచి పోసిన రోజులు పోయాయి కాబట్టి షెడ్డులో ఓ కొలత సీసా ఉండాల్సిందే.

ఇరుగుపొరుగు ఏమంటారు?

ఇంటి వర్క్‌షాపుకి అసలు అనుమతి ఆర్టీవో ఇచ్చేది కాదు, పక్కింటివాళ్లిచ్చేది. నివాస ప్రాంతాల్లో చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదని నిబంధన. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఈ లెక్కలు తెలియకపోయినా, పైఫ్లోర్‌లో పిల్లలకు పరీక్షలున్నాయంటే గ్రైండర్ పక్కన పెట్టేయాలి. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్ అందరిదీ. అసోసియేషన్‌ని అడిగి, సొంత పార్కింగ్ గీత దాటకుండా, చిన్న పనులకే పరిమితం కావడం మర్యాద. రంగు స్ప్రే చేయడం అక్కడ కుదరదు. ఆ పొగ ఎదురింటి కారు అద్దం మీదా, మన ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంటుంది.

తీసేసిన ఇంజిన్ ఆయిల్ ఇంకో పెద్ద బాధ్యత. ఒక గాలన్ పాత ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. కాల్వలోనో, కొబ్బరిచెట్టు మొదట్లోనో పోయడం మానేసి డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చే మెకానిక్ షాపులో అప్పగించాలి. పాత బ్యాటరీ కూడా కొత్తది కొన్న షాపుకే తిరిగి ఇవ్వాలి.

ఇక ఇంట్లోవాళ్లు. ఆదివారాలన్నీ షెడ్డుకి రాసిచ్చేస్తే భార్యాపిల్లలకు బండి సవతి అవుతుంది. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకున్న ఇళ్లలో ఈ గొడవ ఉండదు. పానా సైజులు చదవడం, నట్లు కడగడం, ఫొటోలు తీయడం ఎనిమిదేళ్ల పిల్ల కూడా చేస్తుంది. కుడికి బిగువు, ఎడమకి వదులు అని చేతికి తెలిసిన ఆడపిల్ల రేపు ఒంటరిగా వెళ్తుంటే రోడ్డు మీద టైరు పంక్చరైనా బెదిరిపోదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ సరదా వేరే దారిలో వచ్చింది. అక్కడ ఇంటితో పాటే గరాజ్ వస్తుంది, మెకానిక్ కూలి మాత్రం గుండె గుభేల్‌మనిపిస్తుంది. దాంతో ఇక్కడ ఎప్పుడూ పానా పట్టనివాళ్లు అక్కడ సొంతంగా బ్రేక్ ప్యాడ్లు మార్చుకుంటున్నారు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నాన్న స్కూటర్ మీద చెయ్యి వేసేదీ వాళ్లే. మనకు ఇల్లు దాటితే మెకానిక్ ఉన్నాడు. అది వాళ్లకు లేని భాగ్యం.

ఉస్తాద్‌లు ఉండగానే...

హైదరాబాద్‌లో ఉస్తాద్ అన్నా, కోస్తాలో మేస్త్రీ అన్నా, ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి ఒక్కడే. పాయింటు సెట్ చేయడం, కార్బురేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పి ఐడిలింగ్ కుదర్చడం వాళ్లు పుస్తకంలో చదివింది కాదు. వాళ్ల షాపుల్లో చేరే కుర్రాళ్లు ఇప్పుడు నేర్చుకునేది స్కానర్, సెన్సర్, ఎలక్ట్రిక్ బండి. అది న్యాయమే, వాళ్ల బతుకు అందులో ఉంది. కానీ పాత విద్యకి వారసులెవరు? జీతం కోసం కాకుండా ఇష్టం కోసం నేర్చుకునేవాళ్లే. అంటే షెడ్డుల్లో కూర్చున్న ఈ ఆదివారం మెకానిక్‌లే.

కాబట్టి షెడ్డుకి పెట్టే బడ్జెట్‌లో పానాలకింత, లైట్లకింత అని రాసుకున్నాక ఇంకో గీత కలపండి. నెలకోసారి తెలిసిన మేస్త్రీని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ఓ గంట పక్కన కూర్చోబెట్టుకోండి. పని మీరే చేయండి, తప్పు ఆయన్ని చూపించమనండి. 'ఏముంది సార్, నోటి మాటేగా' అని ఆయన వద్దన్నా సరే, ఆ గంటకు షాపులో ఎంత సంపాదిస్తాడో అంత చేతిలో పెట్టండి. రిపేరు మీరే చేసుకున్నారు నిజమే, కానీ చదువు చెప్పింది ఆయన.